వేపచెట్టు కింద ఎఫ్.సి.

ముదిగుబ్బ మీదుగా ఇప్పుడు రెండు జాతీయ రహదారులు పోతున్నాయి. అనంతపురం నుంచి బత్తలపల్లి మీదుగా వచ్చి, కదిరి, మదనపల్లె దాటి తమిళనాడులో కృష్ణగిరి చేరేది 42. ఇక్కడే మొదలై పుట్టపర్తి మీదుగా కొడికొండ చెక్‌పోస్టుకు పోయేది 342. రాత్రంతా బండ్ల మోతే. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారై బయటికి వస్తున్నాయి. కరువు జిల్లాలో కార్ల ఫ్యాక్టరీ వస్తుందని మా చిన్నప్పుడు ఎవరన్నా చెప్పి ఉంటే, ఎండదెబ్బ తగిలిందేమో చూడండని మజ్జిగ తాపించేవాళ్ళు.

ఇన్ని కొత్త బండ్ల నడుమ మా ఇంటి ముందు ఒక పాత బండి పని ముగించుకుని నిలబడింది. మహీంద్రా ఎఫ్.సి. పికప్పు. దాన్ని బాగుచేసిన కథ కంటే అది నడిచిన కాలం కథ పెద్దది. అందుకే అక్కడినుంచే మొదలుపెడతాను.

ఎఫ్.సి. అంటే ఫార్వర్డ్ కంట్రోల్. మామూలు జీపుకు ముందు బానెట్టు, వెనక డ్రైవరు. దీనికి బానెట్టే లేదు. డ్రైవరు ముందు చక్రాల నెత్తిన కూర్చుంటాడు, ఇంజను అతని పక్కనే క్యాబిన్లో డబ్బా కింద ఉంటుంది. అమెరికాలో విల్లీస్ కంపెనీ 1956 చివర్లో దీన్ని తెచ్చింది. బండి పొడుగు పెరగకూడదు, తొట్టి మాత్రం పెద్దదిగా ఉండాలి, అదీ వాళ్ళ లెక్క. అక్కడ అనుకున్నంత అమ్ముడుపోక 1965కల్లా ఆపేశారు. 1947 నుంచి బొంబాయిలో జీపులు బిగిస్తున్న మహీంద్రా వాళ్ళు దాదాపు ఆ సమయానికే దాన్ని ఇక్కడ అందుకున్నారు. ఎఫ్.సి. 150 వచ్చింది, ఆ తర్వాత 160. అమెరికా వద్దనుకున్న బండి మన దగ్గర అంబులెన్సు అయింది, మినీ బస్సు అయింది, పికప్పు అయింది.

అప్పట్లో సరుకు బండి అంటే పెద్ద లారీలే. టాటా మెర్సిడెస్, ప్రీమియర్ వాళ్ళ డాడ్జ్, ఫార్గో, హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళ బెడ్‌ఫోర్డ్. వాటి కింద మెట్టు ఎద్దులబండి. ఆ రెంటికీ మధ్య చాలా ఖాళీ ఉండేది. మా వైపు పల్లెల్లో కల్లం దాకా లారీ రాదు. కల్లం నుంచి కదిరికి ఎద్దులబండి కట్టుకుని పోతే ఒక రాత్రి గడిచిపోతుంది. ఎఫ్.సి. ఆ ఖాళీలో దూరింది. మా నాయన దాన్ని 1970ల చివర్లో ఒక సర్కారు వేలంలో పాడుకున్నాడు. కండెమ్ అని రాసి పారేసిన బండి. మా ఊళ్ళో చాలా బండ్ల బతుకు అట్లే మొదలయ్యేది, ఎవరో పారేసిన తర్వాత.

మా సీమలో బండికి పని అంటే శెనిక్కాయ పని. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ మనకు కావలసినప్పుడు కాదు. దేశంలో జైసల్మేరు తర్వాత మనదేనని బడిలో అయివార్లు ఏదో ఘనతలాగే చెప్పేవాళ్ళు. ఆ వానకు తట్టుకుని నాలుగు రూపాయలు కళ్ళజూపే పంట శెనిక్కాయ ఒకటే అని నమ్మి, ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఒక దశలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో అదే వేశారు. కదిరి పరిశోధన కేంద్రం నుంచి కదిరి-3 లాంటి రకాలు వచ్చినాక ఇంకో పంట పేరెత్తినవాడు లేడు. జూన్, జూలైలలో విత్తడం, అక్టోబరు దాటాక పీకడం. ఆ తర్వాత రెండు నెలలు మా బండికి నిద్ర లేదు, నాయనకూ లేదు.

శెనిక్కాయ లోడు కట్టడం ఒక విద్య. మూట నలభై కిలోల చిల్లర తూగుతుంది. పొట్టుతో ఉన్న కాయ కాబట్టి బరువు తక్కువ, ఆక్రమించే చోటు ఎక్కువ. బండి మోయగలిగిన బరువు పడకముందే తొట్టి నిండిపోతుంది. ఆపైన మూటలు ఆకాశంలోకి లేస్తాయి. అడుగు వరస నిలువుగా, దానిపైది అడ్డంగా, మళ్ళీ నిలువుగా. బయటి అంచున పెట్టే మూట నోరు ఎప్పుడూ లోపలికే ఉండాలి, కుట్టు విప్పుకుంటే కాయలు దోవన రాలకుండా. వెనక డాలా దించి గొలుసులకు వేలాడదీసి దాని మీద కూడా రెండు వరసలు. చివరికి మోకు. ఒకడు కింద నిలబడి మోకు అందిస్తే, ఇంకొకడు లోడు నెత్తినెక్కి మడమతో మూటను తొక్కుతూ లాగి ముడేసేవాడు. ముడి సరిగ్గా పడిందా లేదా అని నాయన మోకు మీద అరచేత్తో కొట్టి చూసేవాడు. బిగువు చాలకపోతే విప్పించేవాడు. హమాలీలు తిట్టుకునేవాళ్ళు గానీ మలకవేముల క్రాస్ దగ్గర వేరే బండ్ల మూటలు రోడ్డున పడడం వాళ్ళూ చూసినవాళ్ళే.

లోడు ఉంటే బండి ఊగినా నేలను పట్టుకునేది. ఖాళీగా ఉంటేనే ప్రమాదం. బరువంతా ముందే కాబట్టి గట్టిగా బ్రేకు కొడితే వెనక తేలిపోయేది. అందుకని తిరుగు ప్రయాణంలో తొట్టిలో ఇసుక మూటలో, ఊరికి కావలసిన సిమెంటో, ఏదీ లేకపోతే మనుషులో ఉండేవాళ్ళు. మనుషులకు కొదవ లేదు. కదిరి తేరుకు పోయి వచ్చేవాళ్ళు, ధర్మవరం–పాకాల మీటర్ గేజ్ రైలు తప్పిపోయినవాళ్ళు, కానుపు కష్టమై బత్తలపల్లి ఆసుపత్రికి తీసుకుపోవలసినవాళ్ళు. చట్ట ప్రకారం సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదు. ఆ చట్టం చేసినవాళ్ళు ఎర్రటెండలో ముదిగుబ్బ రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఎరుగరు.

క్యాబిన్లో ఇద్దరికే సీట్లు. మధ్యలో ఇంజను డబ్బా, దాని మీద గోనెసంచి మడిచి వేసి నన్నూ తమ్ముణ్ణీ కూర్చోబెట్టేవాళ్ళు. పుష్యమాసం తెల్లవారుజామున అంతకంటే సుఖమైన చోటు లేదు. చైత్రంలో అంతకంటే శిక్ష లేదు.

రిపేరు అనేది మా ఇంట్లో ప్రత్యేకమైన సంఘటన కాదు, వాడకంలో భాగం. ఎండాకాలం వస్తే బండికి పని ఉండదు. అప్పుడు కదిరి నుంచి మేస్త్రీ వచ్చేవాడు. బండి షెడ్డుకు పోవడం కాదు, మేస్త్రీయే ఇంటికి రావడం. వేపచెట్టు కొమ్మకు చైన్ పుల్లీ కట్టి ఇంజను లేపేవాళ్ళు. తిండి మా ఇంట్లోనే, పడక చెట్టు కిందే. నాయన అతన్ని "మామా" అనేవాడు, అతను నాయనను "ఏమప్పా" అనేవాడు. కూలి ఎప్పుడూ ఒకేసారి ఇచ్చింది లేదు. సగం అప్పుడు, సగం శెనిక్కాయలు అమ్మినాక. పంట పోయిన ఏడు ఆ రెండో సగం ఇంకో ఏడాదికి జరిగేది.

మా బండిది హరికేన్ ఇంజను. దాంట్లో ఒక తమాషా ఉంది. నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్ల పెట్రోలు ఇంజను. లోపలికి తీసుకునే వాల్వులు పైన హెడ్డులో ఉంటాయి. పొగ బయటికి పంపేవి కింద బ్లాకులోనే పక్కకు ఉంటాయి. అంటే హెడ్డు విప్పితే సగం పనే అయినట్టు, మిగతా సగానికి వంగి బ్లాకు పక్క మూత తీయాలి. మేస్త్రీ వాల్వు అంచుకు గ్రైండింగ్ పేస్టు రాసి, రబ్బరు కప్పున్న కట్టెను దాని నెత్తికి అంటించి, రెండు అరచేతుల నడుమ కవ్వం తిప్పినట్టు తిప్పేవాడు. మొదట గరగరమనే చప్పుడు పోనుపోను సన్నబడేది. అప్పుడు ఆపి, వాల్వు తీసి గుడ్డతో తుడిచి మాకు చూపించేవాడు. అంచు చుట్టూ బూడిదరంగు గీత ఎక్కడా తెగకుండా ఉండాలి. వాల్వులు బిగించాక హెడ్డు తిరగేసి గుంటల్లో కిరసనాయిలు పోసి వదిలేసేవాడు. తెల్లారేసరికి మట్టం దిగితే మళ్ళీ మొదటికే.

"ఫైరింగ్ ఆర్డరు చెప్పురా" అని అడిగేవాడు నన్ను.

"ఒకటి, మూడు, నాలుగు, రెండు."

"ఎక్కాలు రాకపోయినా ఇది రావాల సామీ, ఎక్కాలు తప్పితే అయివారు కొడతాడు, ఇది తప్పితే హ్యాండిల్ కొడుతుంది."

హ్యాండిల్ కొట్టడమంటే ఏమిటో సెల్ఫ్ పనిచేయని బండి తిప్పినవాళ్ళకే తెలుస్తుంది. అదాటుగా వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుంది. అందుకే బొటనవేలు మిగతా వేళ్ళ వైపే పెట్టి పట్టుకోవాలి, చుట్టూ బిగించి పట్టుకోకూడదు.

స్పేర్లు బెంగళూరు జె.సి. రోడ్డులో దొరికేవి. అక్కడ లేకపోతే మద్రాసు పుదుపేట పాత సామాన్ల సందుల్లో. పోయి తెచ్చుకునే తీరిక ఎవరికీ ఉండేది కాదు, బస్సు డ్రైవరు చేతికి పాత సామాను ముక్క ఇచ్చి "ఇట్లాంటిదే" అంటే సరిపోయేది. దొరకనిది ధర్మవరంలో లేత్ మీద చేయించడం. విరిగిన కమాన్ పట్టీకి లారీ పట్టీ కోసి వేయడం. బ్రేకు గొట్టానికి ఇంకేదో బండి గొట్టం. ఎండాకాలం ముగిసేసరికి ఆ బండిలో కంపెనీవాడు పెట్టింది కొంత తగ్గి, మేస్త్రీ పెట్టింది కొంత పెరిగేది.

1973 తర్వాత పెట్రోలు రేటు పెరిగిన తీరు పెట్రోలు జీపులున్న ప్రతి ఇంటినీ కుదిపింది. నాలుగు మూటల బాడుగ ట్యాంకుకే పోతే మిగిలేదేముంది? ఊళ్ళకు ఊళ్ళు ఇంజన్లు మార్చేసుకున్నాయి. ట్రాక్టరు ఇంజన్లు పెట్టినవాళ్ళున్నారు, మెటడోర్ డీజిలు ఇంజన్లు పెట్టినవాళ్ళున్నారు. మాది మెటడోర్. 1980ల నడుమ ఒక ఎండాకాలంలో హరికేన్ కిందికి దిగి పశువుల కొట్టంలో గోనెపట్టాల కింద చేరింది, డీజిలు ఇంజను దాని చోట కూర్చుంది. మౌంటింగులు కోసి, వెల్డింగు చేసి, డబ్బా ఎత్తు పెంచి, రేడియేటరు మార్చి, మేస్త్రీ నానా అవస్థా పడ్డాడు. బండి మాత్రం ఇంకో ఇరవై ఏళ్ళు నడిచింది.

తర్వాతి కథ మీకు తెలిసిందే. 1986లో టాటా 407 వచ్చింది. 2005లో టాటా ఏస్ వచ్చింది. వాయిదాల మీద కొత్త బండి దొరుకుతుంటే పాత బండితో ఎవడు కుస్తీ పడతాడు? అయినా ఎఫ్.సి.ని చంపింది 407 అంటే నేను ఒప్పుకోను. 2000 సంవత్సరంలో కాండం కుళ్ళు వైరస్ తగిలి జిల్లాలో రెండు లక్షల హెక్టార్ల పైచిలుకు శెనిక్కాయ దెబ్బతిన్నది, నష్టం మూడు వందల కోట్లు దాటింది. దానికి ముందూ వెనకా వరస కరువులు. శెనిక్కట్టె పశువులకన్నా వస్తుందని పీకిన ఏళ్ళున్నాయి, అదీ దండగని చేలోకి పశువుల్నే తోలిన ఏళ్ళున్నాయి. మూటలు లేనప్పుడు బండ్లు ఎన్ని రకాలుంటే ఏం? కొత్త బండ్లవాళ్ళు టమాటాలకూ చీనీకాయలకూ మళ్ళారు. మా బండి వేపచెట్టు కిందికి చేరింది. టైర్లు దిగిపోయి, కోళ్ళు క్యాబిన్లో గుడ్లు పెట్టి, ఎన్నో వానలకు తడిసి (మా వానలకు తడవడానికి కూడా చాలా ఏళ్ళు పడుతుంది) అట్లే ఉండిపోయింది. ఒక రకంగా కరువే దాన్ని కాపాడింది. కోనసీమలో అన్నేళ్ళు బయట పెట్టి ఉంటే చట్రం కూడా మిగిలేది కాదు.

కరోనా కాలంలో బెంగళూరు ఉద్యోగం ఇంటినుంచే చేసుకునే వీలు తమ్ముడికి దొరికింది. పగలు కంప్యూటరు, సాయంత్రం బండి. అమెరికాలో పాత ఫోర్డు, షెవ్రోలె పికప్పులను ఇళ్ళలో కూర్చుని కొత్తగా చేసుకునేవాళ్ళు వేలమంది ఉన్నారని వాడే చెప్పాడు. వాళ్ళకు అటకదాకా పనిముట్లున్న గరాజు ఉంటుంది, ఏ మోడలుకు ఏ నట్టు కావాలన్నా క్యాటలాగు చూసి తెప్పించుకుంటారు. వీడికి ఉన్నది వేపచెట్టు, పాత చైన్ పుల్లీ, డెబ్బై దాటిన మేస్త్రీ. ఆ మేస్త్రీ కంటిచూపు తగ్గింది గానీ చెవి తగ్గలేదు. కుర్చీలో కూర్చుని ఆజ్ఞలు ఇచ్చేవాడు, వీడు మట్టిలో పడుకుని చేసేవాడు.

పని మొత్తం చెప్పి విసిగించను. ఫ్లోరు తుప్పుపట్టి పోతే రేకు కోసి వెల్డింగు చేశారు. తొట్టి చెక్కలు చెదలు తినేస్తే తుమ్మ చెక్క వేశారు. బ్రేకులు మొత్తం కొత్తవి. నాకు నచ్చిన పని రంగు గీకడం. తలుపు మీద ఎమెరీ పేపరు నీళ్ళలో ముంచి రుద్దుతుంటే ఒక్కో పొర బయటపడింది. పైన నీలం, దాని కింద ముదురు ఆకుపచ్చ, దాని కింద మెరిసే పసుపు, అట్టడుగున సర్కారు బూడిదరంగు. పసుపు ఎప్పటిదో నాయన చూడగానే చెప్పాడు. 1983 ఎన్నికలది. ఆ రోజుల్లో ఎన్.టి. రామారావు పాత షెవ్రోలె వ్యానును చైతన్యరథంగా మార్చుకుని రాష్ట్రమంతా తిరిగాడు. అది చూసి ఊరూరా పసుపు పూసుకున్న బండ్లలో మాదీ ఒకటి. ఎన్నికలు అయిపోయినా రంగు రెండేళ్ళుంది, మార్చడానికి డబ్బుల్లేక.

ఏ రంగు వేయాలన్నది పెద్ద పంచాయితీ అయింది. తమ్ముడు ఫ్యాక్టరీ బూడిదరంగు అన్నాడు. నాయన నీలమే అన్నాడు. అంతకంటే పెద్ద పంచాయితీ ఇంజను దగ్గర వచ్చింది.

2021లో కేంద్రం పాతకాలపు బండ్ల రిజిస్ట్రేషనుకు ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటిన సొంత బండికి వి.ఎ. అక్షరాలతో నంబరు ఇస్తారు, వ్యాపారానికి వాడకూడదు. అంతవరకు బాగానే ఉంది. చట్రం, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదన్నది ఇంకో షరతు. తమ్ముడు కొట్టంలోంచి హరికేన్‌ను బయటికి లాగించాడు. దాన్ని మళ్ళీ పెడితే బండి అసలు రూపానికి వస్తుంది, నంబరూ వస్తుంది అన్నాడు.

మేస్త్రీ ఒప్పుకోలేదు. "ఆ ఇంజను పదేండ్లు తిరిగినట్టుంది. ఈ ఇంజను ఇరవై ఏండ్లు మీకు కూడు పెట్టింది. యాది అసలుదప్పా?" అన్నాడు.

నేను మేస్త్రీ పక్షమే. ఆ నిబంధన రాసినవాళ్ళ కళ్ళముందు ఉన్నవి మహారాజుల రోల్స్‌రాయిస్‌లు, షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకున్న బండ్లు. వాటిని మార్చాల్సిన అవసరం ఎవరికీ రాలేదు కాబట్టి అవి మారలేదు. పనిచేసి బతికిన బండి మారకుండా ఎట్లుంటుంది? మా జిల్లాలో మార్పులు లేని సరుకు బండి దొరికిందంటే అది పనికిరాక మూలన పడ్డ బండి అయి ఉండాలి. ఇంజను మార్పు ఆర్.సి.లో ఎక్కించి, పనితో బతికిన బండ్లకు కూడా ఒక ప్రత్యేకమైన నంబరు ఇచ్చే దోవ కల్పిస్తే పోయేదేమీ లేదు. చివరికి డీజిలే ఉండిపోయింది. హరికేన్‌ను తుడిచి, నూనె పోసి మళ్ళీ కొట్టంలో పెట్టారు. రంగు నీలం. తమ్ముడికి ఓదార్పుగా తలుపు లోపలి వైపు ఒక చదరం గీకి నాలుగు పొరలూ కనబడేటట్టు వార్నీషు వేసి వదిలేశారు.

చివరి పనులే ఎక్కువ కాలం తిన్నాయి. ముందు అద్దం రబ్బరు బీడింగు దొరక్క నెలలు గడిచాయి. వైరింగు మొత్తం కొత్తగా లాగారు. డాలా మీద అక్షరాలు రాయడానికి పెయింటరు కోసం వెతికితే, ఒకప్పుడు లారీల వెనక రాతలు రాసినాయన ఇప్పుడు ఫ్లెక్సీల షాపులో కూర్చుంటున్నాడు. కుంచె పట్టి చాన్నాళ్ళయిందన్నాడు. పట్టాక చెయ్యి వణకలేదు. సున్నపు దారంతో గీత కొట్టి, "శ్రీ లక్ష్మీనరసింహ ప్రసన్న" అని ఒక పక్క, "సౌండ్ హారన్" అని ఇంకో పక్క రాసి, నడుమ రెండు చిలకలు వేశాడు. చిలకలకు డబ్బులు తీసుకోలేదు.

కొత్త కమాన్ పట్టీలు సర్దుకోవాలంటే లోడు వేసి తిప్పాలి. ఇసుక వేద్దామన్నాడు తమ్ముడు. శెనిక్కాయలే వేయాలన్నాడు నాయన. ఒకప్పుడు ఒక్క వీధిలోనే వందల మూటలు ఉండేవి. ఇప్పుడు మూడు నాలుగు పల్లెల్లో అడిగితే గానీ తొట్టికి సరిపోను దొరకలేదు. లోడు ఎత్తడానికి కుర్రాళ్ళు దొరికారు, మోకు కట్టడం ఒక్కడికీ రాలేదు. బొలేరోలో ప్లాస్టిక్ క్రేట్లు పేర్చేవాళ్ళకు మోకు అవసరమేముంది? నాయన పైకి ఎక్కలేడు కాబట్టి కింద నిలబడి చెప్తుంటే తమ్ముడు ఎక్కి కట్టాడు. నాయన అరచేత్తో మోకు మీద కొట్టి చూసి రెండుసార్లు విప్పించాడు. మలకవేముల క్రాస్ దాకా పోయి వచ్చారు. ఒక్క మూట జరగలేదు. డీజిలు లీకు మాత్రం రెండు చోట్ల ఉంది, మేస్త్రీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఎఫ్.సి. 150, 160 ఎక్కడన్నా మీ ఊళ్ళో కొట్టాల్లోనో, తుప్పు సామాన్ల అంగడిలోనో పడి ఉంటే దయచేసి తూకానికి వేయకండి. దాన్ని తోలినవాళ్ళు, దాని ఇంజను విప్పినవాళ్ళు ఉంటే కూర్చోబెట్టి మాట్లాడించండి, వాల్వు ఎట్లా పట్టేవాళ్ళో, మోకు ఎట్లా కట్టేవాళ్ళో ఫోనులో వీడియో తీసి పెట్టండి. ఇంకొక్క మాట. మా బండికి ఎడమవైపు తలుపు హ్యాండిల్ ఇప్పటికీ దొరకలేదు, ఎవరి దగ్గరన్నా ఉంటే కబురు పెట్టండి. ధర ఎంతన్నా సరే, శెనిక్కాయలు అమ్మేదాకా ఆగమని మాత్రం అడగం.